ఎలుక కణాలా, ఐపీఎస్ కణాలా, పిండాలేనా? ప్లూరిపొటెన్సీ మీద పని మొదలుపెట్టేవాళ్లకు

ఏటా కొత్తగా పీహెచ్‌డీలో చేరినవాళ్లు హబ్సిగూడలో చాయ్ దగ్గర కలిస్తే అడిగేది దాదాపు ఒకటే. “అక్కా, మౌస్ ఈఎస్ సెల్స్ తీసుకోనా, ఐపీఎస్ తీసుకోనా?” (ఈఎస్ అంటే తొలి పిండం నుంచి తీసిన మూలకణాలు, ఐపీఎస్ అంటే మామూలు శరీర కణాలను వెనక్కి తిప్పి చేసిన మూలకణాలు.) మొన్న అడిగిన అమ్మాయిని నేను తిరిగి అడిగాను: “నీ ప్రశ్న పిండంలో ఎన్నో రోజుది?” కాసేపు ఆలోచించి “అంటే?” అంది. ఆ “అంటే”కి జవాబు చాయ్ అయిపోయేలోపు చెప్పగలిగింది కాదు. అందుకే రాస్తున్నాను.

ఫ్రీజర్‌లో ఏ కణాలుంటే వాటితో మొదలుపెట్టేయడం మన ల్యాబుల్లో అలవాటు. సీనియర్ వాడిన కణాలున్నాయి, సీనియర్ రాసిపెట్టిన ప్రొటోకాల్ ఉంది, ఇంకేం కావాలి అనుకుంటాం. మూడో ఏట రివ్యూయర్ “మీరు అడుగుతున్న దశ వేరు, మీ కణాల దశ వేరు” అని రాసినప్పుడు మొదలవుతుంది టెన్షన్. అప్పటికి వెనక్కి వెళ్లే టైం ఉండదు. ఇలా ఇరుక్కున్నవాళ్లను నేను దగ్గర నుంచి చూశాను. మొదటి నెలలో రెండు గంటలు కూర్చుని ఆలోచిస్తే తప్పిపోయే బాధ అది.

ముందు పిండంలో ఏం జరుగుతుందో

శరీరంలోని ఏ కణంగానైనా మారగలగడమే ప్లూరిపొటెన్సీ. గుండె, నాడి, చర్మం, ఆఖరికి అండం, వీర్యకణం కూడా ఇందులోకే వస్తాయి. మాయగా (ప్లాసెంటాగా) మారే శక్తి మాత్రం మామూలుగా ఇందులోకి రాదు. ఫలదీకరణ జరిగిన అండానికి రెండూ చేతనవుతాయి కాబట్టి దాన్ని టోటిపొటెంట్ అంటాం. 1959లో టార్కోవ్‌స్కీ అనే పోలిష్ శాస్త్రవేత్త చిట్టెలుక పిండం రెండు కణాలుగా ఉన్నప్పుడు ఒక కణాన్ని చంపేసి, మిగిలిన ఆ ఒక్క కణం నుంచే ఎలుకపిల్ల పుట్టగలదని చూపించాడు.

మొదట్లో పిండం నడిచేది తల్లి అండంలో దాచిపెట్టిన ఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్ల మీదే. దాని సొంత జన్యువులు గట్టిగా పని మొదలుపెట్టేది ఎలుకలో రెండు కణాల దశలో, మనిషిలో నాలుగు నుంచి ఎనిమిది కణాల దశలో. ఎలుకలో ఎనిమిది కణాలయ్యేసరికి, అప్పటిదాకా ద్రాక్షగుత్తిలా విడివిడిగా కనిపించిన కణాలు ఒకదానికొకటి హత్తుకుని, మధ్య గీతలు కూడా కనబడనంతగా ముద్దకడతాయి. మైక్రోస్కోప్ కింద దీన్ని మొదటిసారి చూసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తు. పిండం ఆగిపోయిందేమో, ఏదో తప్పు చేశానేమో అని భయపడ్డాను. ఒక దారి నుంచి రెండు దారులు చీలేది అక్కడి నుంచేనని తర్వాత తెలిసింది.

ముద్దకట్టాక విభజన జరిగి వచ్చే కణాల్లో కొన్ని బయట ఉంటాయి, కొన్ని లోపల చిక్కుకుంటాయి. బయటి కణానికి ఒక వైపు పొరుగు లేదు. ఆ ఖాళీ వైపు ధ్రువం ఏర్పడి, హిప్పో అనే సంకేత మార్గం అక్కడ ఆగిపోతుంది. దాంతో యాప్ ప్రొటీన్ కేంద్రకంలోకి వెళ్లి, టెడ్4 అనే మరో ప్రొటీన్‌తో కలిసి సీడీఎక్స్2 జన్యువును లేపుతుంది. ఆ కణం మాయ వైపు వెళ్లిపోతుంది. లోపలి కణానికి నాలుగు వైపులా పొరుగే. అందులో హిప్పో పనిచేస్తూ యాప్‌ను కేంద్రకం బయటే ఆపేస్తుంది కాబట్టి ప్లూరిపొటెన్సీని నిలిపే ఆక్ట్4, సాక్స్2 జన్యువులు నిలబడతాయి. కణం ఎక్కడ కూర్చుందన్న దాన్ని బట్టి దాని బతుకు మారడం ఎంత అందమైన విషయమో నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు.

రెండో చీలిక లోపలి కణాల మధ్యే. ఎలుకలో మూడున్నర రోజులప్పుడు లోపలి కణాల్లో కొన్నింటిలో నానాగ్ అనే ప్రొటీన్, కొన్నింటిలో గాటా6 అనే ప్రొటీన్ ఎక్కువగా కనిపిస్తాయి. నల్లనువ్వులు, తెల్లనువ్వులు కలిపి చల్లినట్టు ఉంటుంది. నానాగ్ ఉన్న కణాలు ఎఫ్‌జీఎఫ్4 అనే సంకేత ప్రొటీన్‌ను బయటికి వదులుతాయి. దాన్ని అందుకుని లోపల ఈఆర్‌కే అనే సంకేత మార్గాన్ని నడిపించిన పొరుగు కణాలు గాటా6 వైపు తిరిగి సొనసంచి కణాలవుతాయి. నాలుగున్నర రోజులకు మిగిలిన నానాగ్ కణాలే ఎపిబ్లాస్ట్. శరీరమంతా వాటి నుంచే వస్తుంది.

ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోండి. పిండంలో ప్లూరిపొటెన్సీ నాలుగు రోజుల ముచ్చట. గర్భాశయానికి అతుక్కున్నాక ఎపిబ్లాస్ట్ కణాలు పూర్తిగా వేరే తీరులోకి మారి, ఎనిమిదో రోజు దాటేసరికి ఎలుక పిండంలో ఆ శక్తి కనుమరుగవుతుంది. మనిషిలో బ్లాస్టోసిస్ట్ (లోపల ఖాళీ ఉన్న బంతిలాంటి పిండం) ఐదారు రోజులకు ఏర్పడి, ఏడో రోజు ప్రాంతంలో గర్భాశయానికి అతుక్కుంటుంది. మూడు పొరలుగా విడిపోవడం మొదలయ్యేసరికి రెండు వారాలు. మనం ప్లేట్లో పెంచే కణాలు ఈ నడకలో ఒక్కో చోట పట్టి ఆపినవి. ఎక్కడ ఆపినవో తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే.

ఎలుక ఈఎస్ కణాలు

1981లో కేంబ్రిడ్జ్‌లో ఎవాన్స్, కాఫ్‌మన్, అమెరికాలో గెయిల్ మార్టిన్ విడివిడిగా ఎలుక బ్లాస్టోసిస్ట్ నుంచి ఈ కణాలను తీశారు. ఎవాన్స్ బృందం వాడింది అతుక్కోకుండా ఆగి ఉన్న పిండాలను. పాలిచ్చే తల్లి ఎలుకలో తర్వాతి కాన్పు పిండాలు అతుక్కోకుండా అలా వేచి ఉండటం ప్రకృతిలో ఉన్నదే. 1988లో లిఫ్ అనే ప్రొటీన్ ఉంటే ఫీడర్ కణాలు (అడుగున పరిచే సహాయక కణాలు) లేకుండానే వీటిని నిలబెట్టవచ్చని తేలింది. 2008లో వచ్చిన టూఐ అనే మీడియాలో (కణాలను పెంచే ద్రవంలో) రెండు మందులుంటాయి: ఒకటి ఈఆర్‌కే మార్గంలోని మెక్ అనే ఎంజైమ్‌ను ఆపుతుంది, ఒకటి జీఎస్‌కే3 అనే ఎంజైమ్‌ను ఆపుతుంది. పైన చెప్పిన ఎఫ్‌జీఎఫ్4 కబురు కణం చెవిన పడకుండా చేసేది ఆ మొదటి మందే. పిండంలో జరిగేది అర్థమైతే మీడియాలో ఏం పోస్తున్నామో కూడా అర్థమవుతుంది.

మైక్రోస్కోప్ కింద టూఐలో పెరిగిన కాలనీ గుంత పొంగనంలా ఉబ్బి, అంచు తళతళా మెరుస్తూ ఉంటుంది. లోపల ఒక్కో కణాన్ని విడిగా గుర్తుపట్టలేం. సీరం (రక్తం నుంచి తీసిన ద్రవం), లిఫ్‌లో పెంచితే అదే కాలనీ కాస్త చప్పబడి, అంచుల దగ్గర కణాలు కాళ్లు చాపుకున్నట్టు పాకుతాయి. సీరంలో కణాలన్నీ ఒక్కలా ఉండవు. ఇవాళ నానాగ్ ఎక్కువగా ఉన్న కణంలో రేపు తగ్గొచ్చు. “కణాల మధ్య తేడాలు ఎందుకు వస్తాయి” అనేదే మీ ప్రశ్న అయితే సీరం మీకు మేలు చేస్తుంది. ఏకరీతి కణాలు కావాలంటే టూఐ. కానీ టూఐలో చాలా కాలం ఉంచితే డీఎన్‌ఏ మీద మిథైల్ గుర్తులు బాగా చెరిగిపోతాయి, తండ్రి వైపు, తల్లి వైపు అని గుర్తుపెట్టే ముద్రలు కూడా పోతాయి. ఆడ కణాల్లో ఇది మరీ ఎక్కువ. ఆ ముద్రల మీద, అంటే ఇంప్రింటింగ్ మీద పనిచేసేవాళ్లు ఈ మాట మర్చిపోకూడదు.

ఇవి దాదాపు సగం రోజులో రెట్టింపు అవుతాయి, రెండు మూడు రోజులకోసారి పాసేజ్ చేయాలి (విడదీసి కొత్త ప్లేట్లలోకి మార్చాలి), ట్రిప్సిన్ వేసి విడివిడి కణాలుగా చేసినా బతుకుతాయి. జన్యువు తీసేయడం, పెట్టడం తేలిక. అన్నిటికంటే పెద్ద లాభం, వీటి శక్తిని నిజంగా పరీక్షించవచ్చు: బ్లాస్టోసిస్ట్‌లోకి ఇంజెక్ట్ చేసి, పుట్టిన ఎలుకపిల్ల ఒంట్లో, దాని పిల్లల్లో కూడా మీ కణాల వంశం కనిపిస్తుందేమో చూడొచ్చు. మనిషి కణాలతో ఆ పరీక్ష చేయలేం.

మనిషి ఈఎస్, ఐపీఎస్ కణాలు

1998లో విస్కాన్సిన్‌లో జేమ్స్ థామ్సన్ బృందం మనిషి ఈఎస్ కణాలను తీసింది. అందరికీ వింతగా తోచింది ఏమిటంటే, ఇవి లిఫ్‌తో నిలబడవు. ఎఫ్‌జీఎఫ్2, ఆక్టివిన్ అనే సంకేత ప్రొటీన్లు కావాలి. ఎలుకలో ఏది కణాన్ని ప్లూరిపొటెన్సీ నుంచి బయటికి నెడుతుందో, ఇక్కడ అదే నిలబెడుతోంది. దీనికి సమాధానం 2007లో దొరికింది. గర్భాశయానికి అతుక్కున్న తర్వాతి ఎలుక ఎపిబ్లాస్ట్ నుంచి రెండు బృందాలు కణాలు తీస్తే, అవి మనిషి ఈఎస్ కణాల్లాగే ఉన్నాయి: చప్పగా పరుచుకుంటాయి, ఎఫ్‌జీఎఫ్, ఆక్టివిన్ అడుగుతాయి. అంటే మనిషి కణాలను తీసింది అతుక్కోకముందు పిండం నుంచే అయినా, ప్లేట్లో అవి నడిచి చేరింది ఆ తర్వాతి దశకు. ఎలుక ఈఎస్ కణాల స్థితికి నైవ్ అని, దీనికి ప్రైమ్డ్ అని 2009 నుంచి పేర్లు స్థిరపడ్డాయి.

ఈ తేడా మన చేతికి ఎలా తెలుస్తుందో చెప్తాను. మొదటి ఏడాదిలో మనిషి కణాలను ఎలుక కణాల్లాగే ట్రిప్సిన్ వేసి ఒక్కొక్కటిగా విడదీసి పరిచాను. మర్నాడు పొద్దున ప్లేటు తీస్తే మీడియా మబ్బుగా ఉంది. కణాలన్నీ పైకి తేలి, ఒక్కో కణం బుడగలు బుడగలుగా ఉబ్బి ఉంది. పక్కన మరో కణం లేకుండా బతకడం ప్రైమ్డ్ కణానికి కష్టం. విడదీయగానే లోపలి ఆక్టిన్, మయోసిన్ ప్రొటీన్లు అదుపు తప్పి బిగుసుకుని కణాన్ని చంపేస్తాయి. అందుకే వీటిని ఈడీటీఏ అనే రసాయనంతో చిన్న చిన్న ముక్కలుగా తీయాలి. ఒక్కొక్కటిగా తీయక తప్పకపోతే మొదటి రోజు రాక్ ఇన్హిబిటర్ (ఆ బిగుసుకోవడాన్ని ఆపే మందు) కలపాలి. ఇది బుద్ధిగా రాసుకున్న ప్రొటోకాల్లో ఒక వరుస మాత్రమే, కానీ దాని వెనక ఉన్నది పిండం వయసు.

ఐపీఎస్ కథ మీకు తెలిసే ఉంటుంది. 2006లో తకహాషి, యమనాక 24 జన్యువులతో మొదలుపెట్టి నాలుగింటికి తెచ్చారు: ఆక్ట్4, సాక్స్2, కేఎల్‌ఎఫ్4, సీ-మిక్. ఎలుక చర్మకణాలు వెనక్కి తిరిగి ప్లూరిపొటెంట్ అయ్యాయి. మరుసటేడు మనిషి కణాలతోనూ అయింది. 2012లో యమనాకకు, 1962లోనే కప్ప కణాల కేంద్రకాలతో దారి చూపిన గర్డన్‌కు కలిపి నోబెల్ వచ్చింది. మామూలు మీడియాలో పెంచిన మనిషి ఐపీఎస్ కణాలు కూడా ప్రైమ్డ్ కణాలే. “ఈఎస్సా, ఐపీఎస్సా” అని తల బద్దలు కొట్టుకునేవాళ్లు చాలామంది నిజానికి తేల్చుకోవాల్సింది నైవ్ కావాలా, ప్రైమ్డ్ కావాలా అన్నది.

అయినా రెంటి మధ్య ఎంచుకోవాలంటే నా అభిప్రాయం సూటిగానే చెప్తాను. జబ్బు మీద పనిచేస్తుంటే ఐపీఎస్ తీసుకోండి. రోగి జన్యువులే మీ ప్లేట్లో ఉంటాయి. మన ఊళ్లో ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఐపీఎస్ కణాల నుంచి రెటీనా, కార్నియా కణజాలాలను పెంచుతున్న పని ఈ దారిదే. ప్లూరిపొటెన్సీ ఎలా పుడుతుంది, ఎలా పోతుంది అనేదే ప్రశ్న అయితే, రీప్రోగ్రామింగ్‌లో మిగిలిపోయిన పాత గుర్తుల అనుమానం లేని, బాగా పరీక్షించిన ఈఎస్ లైన్ (ఒకే మూలం నుంచి పెంచుతూ వస్తున్న కణాలు) ఒకటి పక్కన ఉండటం మంచిది. మన దేశంలోనే తీసినవి ఉన్నాయి: బెంగళూరులోని జేఎన్‌సీఏఎస్‌ఆర్ అనే పరిశోధన సంస్థలో తీసిన బీజేఎన్‌హెమ్19, బీజేఎన్‌హెమ్20. ఎంతసేపూ విదేశీ లైన్ల కోసమే చూడక్కర్లేదు.

ఇవి ఒకటిన్నర రోజు వరకూ తీసుకుని రెట్టింపవుతాయి, పాసేజ్‌కు నాలుగైదు రోజులు. కాలనీ పలచటి దోశలా ఉండి, ఒక్కో కణంలో కేంద్రకం, అందులో చుక్కలా న్యూక్లియోలస్ స్పష్టంగా కనిపిస్తాయి. రోజూ మీడియా మార్చాలి, ఆదివారాలు కూడా. ఒంటరిగా పనిచేసేవాళ్లు ఈ సంగతి ఇంట్లో ముందే చెప్పుకోవడం మేలు.

ఎలుక చాలదా?

చాలామందికి చాలు. చాలనిచోట మాత్రం అస్సలు చాలదు. ఆక్ట్4 లేని ఎలుక పిండం బ్లాస్టోసిస్ట్ దాకా వస్తుంది, లోపలి కణాలే దారి తప్పి మాయ వైపు పోతాయి. ఇది 1998లోనే తేలింది. 2017లో లండన్‌లో మనిషి పిండాల్లో అదే జన్యువును తీసేస్తే, చాలావరకు బ్లాస్టోసిస్ట్ సరిగా ఏర్పడనే లేదు. ఒకే జన్యువు, రెండు జీవుల్లో రెండు వేళల్లో అవసరం. అలాగే ఎలుక పిండానికి మెక్ ఆపే మందు ఇస్తే సొనసంచి కణాలు రావు. మనిషి పిండంలో ఆ మందు అలా పనిచేయలేదని 2012లో రెండు బృందాలు చూపాయి. ఎఫ్‌జీఎఫ్‌కు మనిషిలో కూడా పాత్ర ఉందని ఆ తర్వాతి పరిశోధనలు చెబుతున్నాయి. మీ ప్రశ్న ఇలాంటి చోట పడితే ఎలుక కణాలతో మొదలుపెట్టినా మనిషి కణాల దగ్గరికి రాక తప్పదు.

అక్కడే మనిషి నైవ్ కణాలు పనికొస్తాయి. 2014 నుంచి వీటికి మీడియాలు వచ్చాయి. అతుక్కోకముందు మనిషి ఎపిబ్లాస్ట్‌కు దగ్గరగా ఉంటాయి. వీటి నుంచి మాయ వైపు కణాలు కూడా తేలిగ్గా వస్తాయి. ఎలుక నైవ్ కణాలకు ఆ గుణం లేదు. ఇది నిజంగా ఆసక్తికరమైన ప్రాంతం. కానీ క్రోమోజోముల తేడాలు త్వరగా వస్తాయి, ముద్రలు చెరుగుతాయి, ఫీడర్లు, తక్కువ ఆక్సిజన్ ఇంక్యుబేటర్ కావాలి. చేతికి ప్రైమ్డ్ కణాలు అలవాటు కాకుండా మొదటి ఏడాదే వీటి జోలికి వెళ్లొద్దని గట్టిగా చెప్తాను.

బ్లాస్టాయిడ్లంటే మూలకణాలను కలిపి ప్లేట్లో తయారుచేసే బ్లాస్టోసిస్ట్ నమూనాలు. ఎలుకవి 2018లో, మనిషివి 2021లో వచ్చాయి. పెద్ద సంఖ్యలో కావాల్సిన స్క్రీనింగులకు బాగుంటాయి. అసలు పిండంతో పోల్చి చూసుకునే దారి మాత్రం ఉంచుకోండి.

హైదరాబాద్‌లో పనిచేస్తుంటే

పిండాలతోనే చేయాలనుకుంటే ఎలుక పిండాలు ఇక్కడ సాధ్యమే. సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) లాంటి చోట జంతుశాల ఉంది. జంతు నైతిక కమిటీ అనుమతి తీసుకుని, రోజు లెక్క తప్పకుండా ప్లగ్ (ఎలుకలు జతకట్టిన గుర్తు) చూసుకుంటూ, పొద్దున్నే పిండాలు ఫ్లష్ చేసే (కడిగి బయటికి తీసే) ఓపిక ఉండాలి. ఒక్కో పిండంలో లోపలి కణాలు పదుల్లోనే ఉంటాయి కాబట్టి బయోకెమిస్ట్రీకి పనికిరావు, ఇమేజింగ్‌కు, సింగిల్ సెల్ పనులకు బంగారం. పశువుల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు గచ్చిబౌలి ఎన్‌ఐఏబీ (జాతీయ పశు బయోటెక్నాలజీ సంస్థ) వైపు చూడమంటాను. ఆవు ఈఎస్ కణాలు నమ్మకంగా నిలబడింది 2018లోనే కాబట్టి అక్కడ చేయాల్సింది బోలెడు ఉంది.

మనిషి కణాలకు 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) జాతీయ మార్గదర్శకాలు వర్తిస్తాయి. మీ సంస్థలోని మూలకణ పరిశోధన కమిటీ, నైతిక కమిటీ రెండూ ఒప్పుకోవాలి. మనిషి పిండాన్ని 14 రోజులు దాటి గానీ ప్రిమిటివ్ స్ట్రీక్ (మూడు పొరలుగా విడిపోవడం మొదలయ్యే గీత) వచ్చాక గానీ పెంచడం నిషిద్ధం. కమిటీ సమావేశాలు నెలనెలా జరగకపోవచ్చు. ఆ అనుమతి వచ్చేలోపు ఎలుక కణాలతో పద్ధతులు నేర్చుకుంటే కాలం వృథా కాదు.

ఇంకోటి, మన ఎండలు. ఒక మే నెలలో మాకు రావాల్సిన మ్యాట్రిక్స్ (కణాలు అతుక్కునేందుకు ప్లేటు మీద పూసేది) దారిలో ఎక్కడో రెండు రోజులు ఆగింది. పెట్టె విప్పితే డ్రై ఐస్ చుక్క కూడా లేదు, సీసాలో ద్రవం జెల్లీలా గట్టిపడి ఉంది. పారేశాం. ఆరు వారాల పని వెనక్కి పోయింది. మనిషి ప్రైమ్డ్ కణాలకు కావాల్సిన మ్యాట్రిక్స్, మీడియా రెండూ ఇలా చల్లగా రావాల్సినవే, ఖరీదైనవే. ఎలుక కణాలు జెలటిన్ మీద కూడా పెరుగుతాయి. గ్రాంట్ చిన్నదైతే ఈ ఒక్క కారణం చాలు.

మొన్నటి అమ్మాయి ప్రశ్న చివరికి ఇలా తేలింది: ప్లూరిపొటెన్సీ నుంచి బయటికి వచ్చే మొదటి రెండు రోజుల్లో ఒక క్రోమాటిన్ ప్రొటీన్ (డీఎన్‌ఏతో కలిసి ఉండే ప్రొటీన్) ఏం చేస్తుంది? “అయితే నువ్వు టూఐలో ఎలుక కణాలు తీసుకో. మందులు తీసేస్తే కణాలన్నీ దాదాపు ఒక్కసారే బయల్దేరతాయి, గంటల లెక్కన చూడొచ్చు. ఫలితం గట్టిగా వస్తే రెండో ఏట ప్రైమ్డ్ కణాల్లో చూద్దువు,” అన్నాను. ఒక జన్యుజబ్బు ఉన్న కుటుంబంలో నాడీకణాలు ఎందుకు చెడుతున్నాయో చూడాలనుకున్న ఆమె రూమ్మేట్‌కు మాత్రం నేరుగా ఐపీఎస్సే చెప్పాను, పక్కన జన్యువును సరిదిద్దిన జోడీ లైన్ తప్పనిసరి అని కూడా.

ఏ కణాలు తీసుకున్నా, చేతికి వచ్చిన మొదటి నెలలోనే తక్కువ పాసేజ్‌లో పది వయల్స్ ఫ్రీజ్ చేసి, సగం వేరే బిల్డింగ్‌లోని నైట్రోజన్ ట్యాంకులో పెట్టండి. పది పాసేజ్‌లకోసారి క్రోమోజోములు చూపించండి (దాన్నే కార్యోటైప్ అంటాం). ఎలుకలో ఎనిమిదో క్రోమోజోమ్ అదనంగా చేరడం, మనిషిలో ఇరవయ్యోదాని ముక్క పెరగడం మామూలుగా వచ్చే తేడాలు. అలాంటి కణాలు మిగతావాటికంటే వేగంగా పెరిగి ప్లేటంతా ఆక్రమిస్తాయి, చూడ్డానికి మాత్రం ఆరోగ్యంగానే కనిపిస్తాయి. “నా కణాలు ఈమధ్య బాగా పెరుగుతున్నాయి అక్కా” అని ఎవరైనా సంబరంగా చెప్తే నేను ముందు కార్యోటైప్ ఎప్పుడు చేయించావని అడుగుతాను.